మోచెయ్యి

సైరన్ మోగని అంబులెన్సును ఎవరు ఖాతరు చేస్తారు? గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్‌ను ఎత్తేశారు గానీ కొత్తపేట రోడ్డు మీది పండ్ల బండ్లు ఎక్కడికీ పోలేదు. దారి ఇవ్వమంటే బత్తాయిలమ్మేవాడు కూడా ముందు బేరం ముగించుకునే పక్కకు జరుగుతాడు. అలాంటి రోడ్డు మీద శనివారం సాయంత్రం, దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెంకాయమ్మ అనే పెద్దావిడను ఎల్బీనగర్ దవాఖానకు తెస్తున్న బండి మెట్రో స్తంభాల పక్కన ఇరుక్కుపోయింది. ఆవిడ ప్రాణమైతే దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు మాత్రం పడిపోయాయి. కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్న మాటను ఆవిడ కొడుకు మురళీకృష్ణ దిగమింగుకోలేకపోయాడు.

సోమవారం పొద్దున్నే ఆయన అంబులెన్సుల యజమాని ప్రసన్నకుమార్ ఆఫీసుకొచ్చి, దారిలో తీసిన వీడియో టేబుల్ మీద పెట్టాడు. అందులో బస్సుల హారన్లున్నాయి, తల్లి మూలుగు ఉంది, సైరన్ మాత్రం ఎక్కడా లేదు. అన్నిటికన్నా గట్టిగా డ్రైవర్ గోపయ్య గొంతు వినిపిస్తోంది. కిటికీలోంచి తల బయటపెట్టి స్కూటర్ల వాళ్ల మీద విరుచుకుపడుతున్నాడు: "సైరన్ ఇనొస్తలేదా? మనుషులేనా మీరు?"

"మా అమ్మ చావుబతుకుల్లో ఉంటే మీ డ్రైవరు వేళాకోళమాడాడండీ," అన్నాడు మురళీకృష్ణ. ఇదే వీడియో నలుగురికీ చూపిస్తానని చెప్పి మరీ వెళ్లాడు.

ప్రసన్నకుమార్ అరిచే మనిషి కాదు. తెనాలి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ ఆయన, కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గిస్తాడు. ఆ గొంతు తెలిసినవాళ్లకు ఆ తగ్గింపే దడ. గోపయ్యను, బండ్లకు వైరింగ్ చేసే మహిపాల్‌ను పిలిపించి ఎదురుగా నిలబెట్టాడు.

గోపయ్య ఒట్లు వేశాడు. సైరన్ వేశానన్నాడు, స్విచ్చుల పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉందన్నాడు, ఈ రెండు కళ్లతో చూశానన్నాడు. చెవులతో విన్నానని మాత్రం అనలేదు. ఆ తేడా అప్పుడు ఎవరికీ తట్టలేదు.

"తప్పు బండిదో మనిషిదో రేపటికల్లా తేలాలి మహిపాల్," అన్నాడు ప్రసన్నకుమార్ మెల్లగా. "బండిదైతే నా బండ్లన్నీ ఇకమీదట వేరేవాడు చూసుకుంటాడు. మనిషిదైతే మనిషిని మారుస్తాను. మధ్యలో ఇంకోటి లేదు."

మహిపాల్‌కు బైరామల్‌గూడ మలుపులో ఉన్నది ఒక షట్టరు, అందులో సగం పక్కవాడి టైర్లు. ఆటోలకూ ట్రాలీలకూ హెడ్‌లైట్లు వేసుకుంటే షట్టరు కిరాయి వెళ్తుంది, అంతే. ఇల్లు గడిచేది ఈ అంబులెన్సుల మీదనే. ఈ పని ఇప్పించింది కూడా గోపయ్యే. ఇద్దరిదీ నకిరేకల్ పక్కన ఒకటే ఊరు. వరసకు గోపయ్య అతనికి కాక, అంటే బాబాయి.

మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద బండి బానెట్ లేపాడు. సైరన్ తాలూకు పెద్ద పెట్టె ముందు జాలీ వెనకాల ఉంటుంది, దాని కింద గరాటు మూతి లాంటి స్పీకరు. డ్రైవర్ దగ్గర ఉండేది స్విచ్చులూ ఎర్రలైటూ ఉన్న చిన్న పెట్టె మాత్రమే. మహిపాల్ ముందు ఫ్యూజు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. బాగుంది. స్పీకరు తీగలు విప్పి టార్చిలైటు సెల్లుకు తాకించాడు. లోపల టిక్కుమంది, అంటే లోపలి తీగచుట్ట కాలిపోలేదు. మీటరు పెడితే పెట్టెకు పన్నెండు వోల్టులూ నిక్కచ్చిగా అందుతున్నాయి. మీటరును నమ్మితే బండికి ఏ రోగమూ లేనట్టే. కానీ బరువు ఎత్తనంతసేపు ఎవడైనా పహిల్వానే. సైరన్ నిజంగా మోగుతున్నప్పుడు ఆ వోల్టులు నిలబడతాయో లేదో చూడాలి.

గోపయ్య డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. "కాకా, ఒత్తు," అన్నాడు మహిపాల్ బానెట్ చాటు నుంచి. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ అన్నాడు. విసుగొచ్చి పక్కకు వంగి చెయ్యి ఊపితే, అప్పుడు గోపయ్య ఉలిక్కిపడి స్విచ్చు నొక్కాడు. సైరన్ గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఒక్క మూలుగు మూలిగి, టిక్కుటిక్కుమని ఆగిపోయింది. ఆ తర్వాత షెడ్డులో ఏ చప్పుడూ లేదు. సాగర్ రోడ్డు మీద పోయే బస్సుల రొద ఒక్కటే వినిపిస్తోంది.

గోపయ్య కిటికీలోంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. "మస్తు మోగుతున్నది గద బిడ్డా. ఉత్తగనే పరేషాన్ చేస్తున్నరు మనల్ని."

మహిపాల్ చేతిలో మీటరు తీగ అలాగే ఉండిపోయింది. కాసేపు గోపయ్య ముఖంలోకి చూశాడు. అందులో దొంగతనం లేదు. ఎర్రలైటును చూసి మోగుతోందని మనస్ఫూర్తిగా నమ్ముతున్న ముఖం అది. మహిపాల్ తల దించి, నోరు కనపడకుండా బానెట్ చాటుకు పోయి, "కాకా, సీటు కింద పాము," అన్నాడు. తర్వాత ఇంకొంచెం గట్టిగా అన్నాడు. అవతల బండి కడుగుతున్న అభిలాష్ అనే కుర్ర డ్రైవరు అదిరిపడి ఇటు చూశాడు. గోపయ్య మాత్రం స్టీరింగ్ మీది దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఇన్నేళ్లు సైరన్ కింద కూర్చుని కూర్చుని మనిషి చెవులు పోయాయి. ఎప్పుడు పోయాయో ఎవరికీ చెప్పకుండా, ఎదుటివాళ్ల పెదవులు చూసి నెట్టుకొస్తున్నాడు. చెబితే స్టీరింగు పోతుంది మరి.

మహిపాల్ ఒక పొడుగాటి తీగ తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస సైరన్ పెట్టెకు తాకించాడు. సైరన్ ఒక్కసారిగా గొంతెత్తింది. రేకులు దద్దరిల్లాయి, అభిలాష్ పైపు పారేసి చెవులు మూసుకుని బూతులు తిట్టాడు. సీట్లో గోపయ్య ఇందాకటి ముఖంతోనే ఇందాకటి బొటనవేలు మళ్లీ ఎత్తాడు.

రోగం దొరికింది. ఆ రోగం మహిపాల్ అంటించిందే. పెట్టె ఎర్త్ తీగను బ్యాటరీ మైనస్ దాకా లాగాల్సింది. లాగాలంటే సగం బండి విప్పాలి. బద్ధకించి, దగ్గర్లో ఉందని బంపర్ బోల్టుకు బిగించేశాడు. వంగి చూస్తే ఆ బోల్టు కింద రాగి వాషరు పచ్చగా చిలుము పట్టి, వేలు పెడితే పొడిగా రాలుతోంది. చుట్టూ ఎండిన కొబ్బరి పీచు, పసుపు మరకలు.

ఈ డ్రైవర్లకొక పట్టింపు ఉంది. బండిలో ఎవరైనా ప్రాణం విడిస్తే, బంపర్ మీద కొబ్బరికాయ కొట్టి పసుపునీళ్లు చల్లిగానీ మళ్లీ పేషెంటును ఎక్కించరు. అంబులెన్సన్నాక ప్రాణాలు పోతూనే ఉంటాయి, కాయలు పగులుతూనే ఉంటాయి, ఆ నీళ్లన్నీ సరిగ్గా ఆ బోల్టు మీదికే కారతాయి. వేరే ఊరి మేస్త్రీ అయితే తెలియక చేశాడనుకోవచ్చు. ఈ బండికి వైరింగ్ పూర్తయిన రోజున, ఆ బంపర్ మీద మొదటి కాయ కొట్టింది మహిపాలే. అంతా తెలిసి కూడా అక్కడే బిగించాడు. ఛీ, ఇంత తెలివితక్కువ పనీ చేస్తారా ఎవరైనా!

అభిలాష్ చాయ్ తాగడానికి పోయాడు. మహిపాల్ చిలుము పట్టిన వాషరును తీగతో సహా కత్తిరించి మురిక్కాలువలోకి విసిరేశాడు. కొత్త తీగను బ్యాటరీ దాకా లాగి బిగించాడు. తర్వాత చేసిన పని ఏ మేస్త్రీ చెయ్యనిది. తళతళలాడుతున్న ఆ కొత్త తీగకు గ్రీజు పూసి, నేల మీది మట్టి అద్ది, ఏళ్ల నాటి దానిలా మార్చాడు. బంపర్ కింద వెలుతురు చాలక తడుముకుంటుంటే గోపయ్య దిగొచ్చి పక్కన గొంతుక్కూర్చుని, తన ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. మట్టి పూస్తున్నంతసేపూ చెయ్యి కదలకుండా పట్టుకున్నాడు.

"ఏమైంది బిడ్డా?" అని మాత్రం ఒకసారి అడిగాడు. ఏమీ లేదన్నట్టు మహిపాల్ తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం మహిపాల్ ఆఫీసు మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగాడు. నా పొరపాటేనని చెబితే పోయేది తన పనే. గోపయ్య గుట్టు మరి ఎన్నాళ్లు దాగుతుంది? రేపో ఎల్లుండో ఎలాగూ బయటపడుతుంది కదా, చెవిటివాడు అంబులెన్సు నడపడం జనానికి మంచిదా, అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. నచ్చజెప్పుకోవడానికి మనిషికి మాటలు ఎప్పుడూ కరువు కావు.

"వైరింగ్‌ల ఏం లేదు సార్," అన్నాడు లోపలికెళ్లి. "గోపయ్య కాకకు చెవులు ఇనొస్తలెవ్వు. సైరన్ ఎయ్యకున్నా ఏసిన అనుకుంటుండు."

ప్రసన్నకుమార్, ఇంత పెద్ద మాట ఊరికే నమ్మకూడదనీ, రేపు పొద్దున అందరి ముందూ పరీక్ష పెడదామనీ, అందరూ చూస్తే రేపెవరూ తనను అనలేరనీ అన్నాడు. స్విచ్చు దగ్గర మహిపాలే ఉండాలనీ చెప్పాడు.

మంగళవారం పొద్దున డ్యూటీ దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అందరూ షెడ్డు ముందు పోగయ్యారు. కొందరు ఫోన్లు తీశారు. చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే ఈ పరీక్ష అని అభిలాష్ నవ్వించాడు. గోపయ్య బండి ఉన్నవాటిలో కొత్తది, ఏసీ బాగా పనిచేస్తుంది, దాని మీద అభిలాష్‌కు ఎప్పట్నుంచో కన్ను.

పరీక్షలో గోపయ్య తన బండికి వీపు పెట్టి నిలబడాలి. సైరన్ వినిపించినప్పుడల్లా చెయ్యెత్తాలి. ఎప్పుడు ఒత్తాలో మహిపాల్ ఇష్టం. విషయం అర్థమయ్యాక గోపయ్య ముఖం నల్లబడింది గానీ ఎదురు మాట్లాడలేదు. ఎండ కొడుతున్నదని చెప్పి నాలుగడుగులు జరిగి, ఆఫీసు నీడలో, దాని నల్లటి అద్దాల గోడకు ముఖం పెట్టి నిలుచున్నాడు. ఉతికిన ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. మెడ వెనక పౌడరు తెల్లగా కనిపిస్తోంది.

మహిపాల్ తెరిచిన డ్రైవర్ తలుపు దగ్గర నిలబడి, లోపలికి చెయ్యి చాపి స్విచ్చు నొక్కాడు. సైరన్ లేచింది. గోపయ్య చెయ్యి లేచింది. ఆపాడు, చెయ్యి దిగింది. కాసేపు ఊరుకుని మళ్లీ నొక్కాడు. మళ్లీ సరిగ్గా లేచింది. డ్రైవర్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

ప్రసన్నకుమార్ మహిపాల్ వైపు తిరిగాడు. "వినబడుతోంది కదయ్యా. అంటే వైరింగే అన్నమాట," అన్నాడు, ఇంకా తగ్గిన గొంతుతో.

మహిపాల్‌కు నమ్మబుద్ధి కాలేదు. ఎలా వినిపిస్తోంది ఇతనికి? నిన్న రేకులు అదిరినా కదలని మనిషి! కళ్లెత్తి చూస్తే అప్పుడు కనబడింది. నల్లటి అద్దంలో మొత్తం షెడ్డు కనబడుతోంది, బండి, తెరిచిన తలుపు, దాని పక్కన తను. నొక్కడానికి చెయ్యి చాపినప్పుడల్లా తన మోచెయ్యి తలుపు అంచు దాటి బయటికొస్తోంది. గోపయ్య కళ్లు ఆ మోచేతి మీదే ఉన్నాయి.

అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. గోపయ్య చూపు తప్పించలేదు. పట్టుబడ్డాననే భయం కూడా ఆ కళ్లల్లో లేదు. మహిపాల్ చూశాడు కాబట్టి ఇక ఫర్వాలేదన్న ధీమా ఉంది. స్విచ్చు దగ్గరున్నది పరాయివాడు కాదు కదా.

ఆ ధీమాను చూసి కూడా మహిపాల్ ఆగలేదు. చెయ్యి లోపలికి చాపాడు. మోచెయ్యి ఎప్పట్లాగే తలుపు అంచు దాటింది. వేలు స్విచ్చు మీద ఆనింది. నొక్కలేదు.

గోపయ్య చెయ్యెత్తాడు.

ఏమీ మోగలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది, చంక దగ్గర చెమట మరకతో సహా అందరికీ కనబడుతూ. ముందు అభిలాష్ కిసుక్కుమన్నాడు, తర్వాత అందరూ పగలబడి నవ్వారు. అద్దంలో నవ్వుతున్న నోళ్లు చూసి గోపయ్య మెల్లగా చెయ్యి దించాడు. వెనక్కి తిరిగాడు. ప్రసన్నకుమార్ ఏదో అడుగుతున్నా ఆయన వైపు చూడకుండా, నేరుగా మహిపాల్ పెదవుల వైపు చూశాడు.

"నువ్వు చెప్పు మహిపాలూ. మోగిందా?"

"మోగలే కాకా," అన్నాడు మహిపాల్. ఆ మాటలో అబద్ధం లేదు.

గోపయ్య తల ఊపాడు. అద్దం సంగతి చెప్పలేదు, మోచేతి సంగతి చెప్పలేదు, నిన్న బంపర్ కింద లైటు పట్టుకుని చూసినదేదీ చెప్పలేదు. జేబులోంచి తాళం తీసి చొక్కాకు తుడిచి బానెట్ మీద పెట్టి, గేటు వైపు నడిచాడు. రోడ్డు దాటేటప్పుడు తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు. ఆ తాళం చల్లారకముందే అభిలాష్ జేబులోకి చేరింది.

అందరూ వెళ్లాక ప్రసన్నకుమార్ మహిపాల్ భుజం తట్టాడు. ఆయన కళ్లు మామూలువి కావు, అన్నీ చూస్తాయి. "మోచేత్తో భలే పట్టించావయ్యా. నాకు తట్టనే లేదు," అని మెచ్చుకున్నాడు. ఇకమీదట డ్రైవర్లందరికీ ఈ పరీక్ష నువ్వే పెట్టాలన్నాడు. మహిపాల్ సరే సార్ అన్నాడు. తనను మెచ్చుకుంటున్న మనిషిని చూసి అంత అసహ్యం వేయడం అతనికి అదే మొదలు. అయినా చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

ఆ వారం దాటకముందే గోపయ్య భార్య లచ్చమ్మ ఫోన్ చేసింది. తుర్కయంజాల్‌లో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పగలంతా గోపయ్య ఒక్కడే గడియ పెట్టుకుని పడుకుంటున్నాడట. ఆమె వచ్చి తలుపు బాదితే వాడకట్టంతా బయటికొస్తోంది గానీ అతను లేవడం లేదట. బెల్లు ఒత్తితే లోపల లైటు వెలిగేటట్టు చేసిపెట్టమని బతిమాలింది. రానని చెప్పాలంటే కారణం చెప్పాలి. మహిపాల్ సంచి తీసుకుని బయల్దేరాడు.

తను చేసిందేదీ ఆమెకు తెలియదని గడప దాటగానే అర్థమైంది. "అందరు నవ్విన్రంట బిడ్డా. నువ్వు గూడ లేకపోతే ఇంకేం చేద్దురో," అంటూ ఎదురొచ్చింది. పని సగంలో ఉండగానే వేడివేడి సర్వపిండి పళ్లెంలో తెచ్చి పెట్టింది. అయ్యాక తింటానని మహిపాల్ పళ్లెం పక్కకు జరిపాడు. ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆయన ఏమీ చెప్పడనీ, రోజంతా గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడనీ, ముప్పయ్యేళ్లు ఎవరెవరి ప్రాణాలో కాపాడిన మనిషిని ఇలా చూడలేకపోతున్నాననీ చెప్పుకొచ్చింది. మహిపాల్ గోడకు గుండు సూదులంత మేకులు కొడుతూ ఊఁ కొట్టాడు.

గోపయ్య కుర్చీలో కూర్చుని అతని పనినే చూస్తున్నాడు. తీగ బల్బు దాకా వెళ్లిందా, బెల్లు దాకా వెళ్లిందా, అన్నీ చూశాడు. పలకరించలేదు, ముఖం తిప్పుకోనూ లేదు.

అంతా బిగించాక మహిపాల్ బయటికెళ్లి, కిటికీ పక్కనున్న బెల్లు ఒత్తాడు. లోపల బెల్లు మోగింది, బల్బు వెలిగింది. లచ్చమ్మ సంబరపడిపోయింది. మహిపాల్ లోపలికొచ్చేసరికి గోపయ్య బల్బు వైపు చూడటం లేదు. కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడు ఒత్తినవా బిడ్డా?" అని అడిగాడు, తన గొంతు తనకు వినిపించని మనిషి అడిగినట్టు, ఇల్లంతా వినబడేలా. "ఒత్తినవా, ఉత్తగ మోచెయ్యి కదిపినవా?"

అందులో కోపం లేదు, వెటకారం లేదు. తెలుసుకోవాలని అడిగాడు, అంతే. లచ్చమ్మకు అర్థం కాలేదు. లైటు వెలిగింది గదా, అదేం మాట అని చేతులతో సైగ చేసింది.

"ఆనాడు గూడ చెయ్యి కదిలింది," అన్నాడు గోపయ్య. "కదిలితే ఒత్తిండనుకున్న. చెయ్యెత్తిన."

లచ్చమ్మ మహిపాల్ వైపు తిరిగింది. లేదంటే చాలు, ఒక్క మాట, ఆమె నమ్మడానికి సిద్ధంగా ఉంది. నమ్మాలనే ఉంది ఆమెకు. మహిపాల్ దొంగకు తేలు కుట్టినట్టు తల వంచుకుని, మిగిలిన టేపును చుట్టకే మళ్లీ చుడుతున్నాడు. చుట్టడం అయిపోయినా వేళ్లు ఆగలేదు.

లచ్చమ్మ బయటికెళ్లి తనే బెల్లు ఒత్తి, కిటికీలోంచి మొగుడి ముఖంలోకి చూసింది. గోపయ్య ఈసారి బల్బు వైపు చూశాడు. చూసి, చిన్నపిల్లాడిలా చెయ్యెత్తాడు.

ఆమె లోపలికొచ్చి సర్వపిండి పళ్లెం తీసి పొయ్యి దగ్గర పెట్టేసింది. నేల మీదున్న స్క్రూడ్రైవరూ పటకారూ ఏరి సంచిలో వేసి, సంచి మహిపాల్ చేతికిచ్చింది. అతను గడప దిగి, చెప్పుల కోసం తడుముకుంటున్నాడు. వెనక తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది.